మడతపెట్టకూడని రగ్గులు

ఎడిత్ గారు పోయారన్న సంగతి నాకు మొదట చెప్పింది హారిక. ఆ అమ్మాయి పనిచేసే వృద్ధుల కేర్ హోమ్‌లోనే ఆవిడ చివరి ఏళ్లు గడిచాయి. ఆ కబురు వేరే ఎవరి నోటా రాకుండా హారిక నోటనే రావడం కూడా దేవుడి దయే అనుకుంటాను. "అక్కా, పొద్దుగాల చాయ్ తీస్కొని పోయిన. పిలిస్తే పలుకలే. నిద్రలనే పోయిందక్కా," అని చెప్పి, "ఇంట్ల ఒక్కదానివే ఉన్నవా? ముందుగాల కూసో," అంది. నేను కూర్చోలేదు. ఆ రోజు నుంచి నేను కూర్చున్నది తక్కువే. బ్రాంప్టన్‌లోని ఈ ఇంట్లో పైకీ కిందకీ తిరుగుతున్నాను. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను. పూజకు కూర్చుంటే నామం మధ్యలో మనసు లేచి వెళ్లిపోతోంది. మావారు చూసి చూసి, "రాసుకో సరళా, కాస్త కుదుటపడతావు," అన్నారు. అందుకని రాస్తున్నాను. వరసగా వస్తుందని మాట ఇవ్వలేను.

మేము కెనడా వచ్చిన కొత్తల్లో కేంబ్రిడ్జ్‌లో ఉండేవాళ్లం. మావారు హైదరాబాద్‌లో చేస్తున్న ఉద్యోగం వదిలేసి ఇక్కడ కాలేజీలో చేరారు. ఆయనది స్టడీ పర్మిట్, నాది స్పౌజ్ పర్మిట్. ఆ రోజుల్లో ఏ బస్సెక్కినా వెనక సీట్లలోంచి తెలుగో పంజాబీయో వినపడేది. కరీంనగర్, కడప, ఖమ్మం, భీమవరం, ఎక్కడెక్కడి పిల్లలో. వీపున బ్యాగు, కళ్ల కింద నలుపు, వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసి అటునుంచి అటే క్లాసుకు. కాలేజీలు పిలుస్తున్నాయి, పిల్లలు వస్తున్నారు, పడుకోవడానికి మాత్రం చోటు లేదు. అలాంటి కాలంలో కిరాణా కొట్టు బోర్డు మీద చేత్తో రాసి అంటించిన చిన్న కాగితం మావారి కంట పడటం మా అదృష్టం. ఊళ్లో గాల్ట్ అనే పేట వైపు, నది ఒడ్డున, రాతిగోడల పాత ఇల్లు. దాని బేస్‌మెంట్ అద్దెకు. తలుపు తీసినావిడకు డెబ్బై దాటి ఉంటాయి. బక్కపలచటి మనిషి, మగవాళ్ల చొక్కా, మోకాళ్ల నొప్పి వల్ల ఒక పక్కకు తిరిగి నడిచే నడక. "మీ వంటకు వాసన ఉంటుందా?" అని అడిగారు. ఉంటుందని ఉన్నమాటే చెప్పాను. "మంచిది. ఈ ఇంట్లో ఉన్ని వాసన తప్ప మరో వాసన లేక చాలాకాలమైంది," అన్నారు.

ఉన్ని వాసన ఏమిటో లోపలికి అడుగుపెట్టాక తెలిసింది. మనకు రగ్గంటే చలికి కప్పుకునేది. ఆవిడవి నేల మీద పరిచే రగ్గులు. చాలావాటికి ఆవిడకన్నా వయసెక్కువ. అమెరికా పల్లెల్లో ఆడవాళ్లు ఇంట్లో చిరిగిన ఉన్ని కోట్లనూ లంగాలనూ సన్నటి పీలికలుగా కోసుకునేవారట. దాణా వచ్చిన గోనెసంచిని విప్పి చట్రానికి బిగించి, చిన్న కొక్కెంతో ఆ పీలికలను కింది నుంచి పైకి ఉచ్చుల్లా లాగుతూ నింపేవారట. పడుకున్న కుక్క, తెరచాప ఓడ, ముక్కులు రాసుకుంటున్న రెండు గుర్రాలు, గులాబీలనుకుని మొదలుపెడితే క్యాబేజీల్లా తేలిన పువ్వులు. నేల మీద అవే, గోడల మీద అవే, మెట్ల మీద అవే. వెనక గదిలో పాత నూలు దుప్పట్లలో చుట్టి, దేవదారు చెక్క అరల్లో పడుకోబెట్టినవి ఇంకెన్నో. ఎడిత్ గారి తల్లిది సరిహద్దుకు అవతల వెర్మాంట్. పెళ్లి చేసుకుని ఇటు వచ్చినప్పుడు తనతో తెచ్చుకున్నది ఒక్క రగ్గేనట. తల్లి పోయాక ఆ ఒక్కదానికి తోడు వెతకడం మొదలుపెట్టి, ఎడిత్ గారు ఇక ఆగలేకపోయారు. భర్త ఉన్నన్నాళ్లూ ఇద్దరూ ఏటా ఎండాకాలం కారేసుకుని అవతలికి వెళ్లి, పల్లెటూరి వేలంపాటల్లోనూ పశువుల కొట్టాల్లో పెట్టిన సంతల్లోనూ తిరిగేవారు.

హాల్లోకి వెళ్లే దారిలో ఒక రగ్గు మీద ఇంగ్లీషులో రండి అన్న మాట అల్లి ఉండేది. నేను దాన్ని దాటుకుని గెంతేదాన్ని. ఒకరోజు ఎడిత్ గారు కుర్చీలోంచి చూసి, "ఆ రగ్గు నిన్ను కరిచిందా?" అన్నారు. అక్షరాల మీద కాలు పెట్టకూడదని, పొరపాటున తగిలితే కళ్లకద్దుకుంటామని, అక్షరమంటే మాకు అమ్మవారని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. "ఏ భాష అక్షరమైనా అంతేనా?" అన్నారు. "అమ్మవారికి భాష తేడా ఏముంటుందండీ," అన్నాను. మర్నాడు పనినుంచి వచ్చేసరికి ఆ రగ్గు గోడ మీదకు ఎక్కి ఉంది. ఎన్నో ఏళ్లుగా ఆ దారిలో పరిచి ఉన్న రగ్గును, ఆ మోకాళ్లతో స్టూలెక్కి, నా ఒక్కదాని పాదం కోసం గోడకెక్కించారు. అదే వారంలో ఒక సాయంత్రం మా బేస్‌మెంట్ తలుపు తట్టి, బూడిదరంగు చారల చిన్న రగ్గొకటి చేతిలో పెట్టారు. "నువ్వు తువ్వాలు మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నావు, చూశాను. దీనిమీద బొమ్మ లేదు, అక్షరం లేదు. కూర్చోవచ్చు."

నాకు ఉబ్బసం ఉండటం వల్ల చిన్నప్పుడు బడికి పంపలేదు. నాకు చదువు చెప్పింది మా మేనత్త. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని మా నాన్న దగ్గరే ఉండిపోయిన మనిషి. తెల్లవారకుండానే స్నానం చేసి ధావళి కట్టుకునేది. ధావళి అంటే మడికి కట్టే ఉన్నిబట్ట. నూలుబట్టనైతే రోజూ తడిపి ఆరేయాలి, ఉన్నికి ఆ పని లేదు, ఉన్ని ఎప్పుడూ మడేనని చెప్పేది. వంటింటి గుమ్మం ఇవతల నేను పలక పట్టుకుని, అవతల ఆమె పప్పు వేయిస్తూ. తప్పు చదివితే గరిటె ఆగేది. సరిగ్గా చదివితే మళ్లీ కదిలేది. మా ఊళ్లో నాకు తెలిసిన ఉన్ని ఆ ఒక్క ధావళే. దానికి కర్పూరం, పొగ, వేయించిన పప్పు కలిసిన వాసన. కేంబ్రిడ్జ్ బేస్‌మెంట్‌లో ఆ చారల రగ్గు మీద మొదటిసారి కూర్చున్న పొద్దున, అంత దూరాన, ఎవరో తెలియని అమెరికా ఇల్లాలు తన మొగుడి పాత కోటు కోసి చేసిన దానిమీద మా మేనత్త మడి నాకు దొరికిందనిపించింది. ఆ ఇల్లాలి పేరు తెలియదు. అయినా ఆ రోజు నుంచి నా సంకల్పంలో ఆమెకూ ఒక నమస్కారం చేరింది.

శనివారాల్లో ఎడిత్ గారు నన్ను కారెక్కించుకుని చుట్టుపక్కల పాత సామాను షెడ్లకు తీసుకువెళ్లేవారు. నాకు అమెరికా వీసా లేదు కాబట్టి సరిహద్దు దాటే ప్రయాణాలు లేవు. "అవతలివి ఇటు కూడా వస్తాయిలే, మా అమ్మలాగా," అనేవారు. ఆవిడ పద్ధతి చూడముచ్చటగా ఉండేది. రగ్గు కనబడగానే దానివైపు చూసేవారు కాదు. పక్కనున్న కుర్చీని తిప్పి చూసి, దాని కాలు బాగాలేదని షాపతనితో వాదం పెట్టుకుని, వెళ్లిపోతూ వెళ్లిపోతూ రగ్గు మూల ఒకటి ఎత్తి వెనకవైపు వేళ్లతో తడిమేవారు. "ముఖం ఎవరైనా చూస్తారు, వెనక్కి తిప్పు," అనేది నాకు చెప్పిన మొదటి పాఠం. గోనె గట్టిగా ఉందా, పొడిపొడిగా రాలుతోందా. పీలికలు చేత్తో కోసినవైతే ఒకటి సన్నం ఒకటి లావు ఉంటాయి. ఈ ఎరుపు ఒకరి లోపలి బనీను, ఈ ముదురు నీలం ఒక పిల్ల స్కూలు లంగా, ఈ బూడిదరంగు యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడి కోటు. "వచ్చాడని ఎలా తెలుసు?" అంటే, "రాకపోతే కోటు కోసేది కాదుగా," అనేవారు. ఇంటికి తెచ్చాక వెనక మూలన తెల్లటి నాడా ముక్క కుట్టి, దానిమీద నీలం దారంతో తన పేరులోని మొదటి అక్షరం వేసేవారు. "వెనకే వేశాను, ఎవరూ తొక్కరు," అని నావైపు చూసి నవ్వేవారు.

కొత్త మంచు పొడిగా పడి ఎండ కాసిన రోజు వస్తే ఆవిడ కాలు ఒకచోట నిలిచేది కాదు. పొద్దున్నే పైనుంచి నేలమీద కర్రతో తట్టేవారు. అంటే రమ్మని. ఒక్కొక్క రగ్గునూ పెరట్లో తెల్లటి మంచు మీద బోర్లా పరిచి, అరచేతులతో మెల్లగా అదిమేవాళ్లం. దులపకూడదు, కొట్టకూడదు, మడతపెట్టనే కూడదు. లోపలి గోనె ఎండి ఎండి పెళుసైపోయి ఉంటుంది. ముఖం బయటికి వచ్చేలా చుట్టాలి, అంతే. పైకెత్తితే మంచు మీద నల్లగా, నలుచదరంగా దుమ్ము అచ్చు మిగిలేది. చలికి వేళ్లు కొంకర్లు పోయి, తడిసిన ఉన్ని వాసన ముక్కుపుటాల్లో పట్టుకుని, ఇద్దరం వంటింట్లో నిలబడే అల్లం టీ తాగేవాళ్లం. ఆవిడకు ఆ టీ బాగా పట్టుబడింది. 'గారు' కూడా పట్టుబడింది. ఫోనెత్తి ఎవరితోనైనా, "ఎడిత్ గారు మాట్లాడుతున్నాను," అనేవారు. అవతలివాళ్లు ఇంటిపేరు మార్చుకున్నారా అని అడిగితే, "పదోన్నతి వచ్చింది," అనేవారు.

ఆవిడకు పిల్లలు లేరు. మోకాళ్లు మెట్లకు లొంగడం మానేశాక ఇల్లు ఎన్నాళ్లో నిలబెట్టుకోలేనని తెలిసిపోయింది. ఇక ఆవిడ ధ్యాసంతా ఒక్కదాని మీదే. రగ్గులన్నీ విడిపోకుండా ఒకచోట ఉండాలి. వెర్మాంట్‌లో ఒక మ్యూజియంవాళ్లు వసంతంలో మనిషిని పంపి పరిశీలిస్తామని, వెనక గోనె గట్టిగా ఉంటే అన్నిటికీ కలిపి ఒక గది ఇస్తామని ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే వేలంలో తలా ఒకచోటికి పోతాయి. "వీటిని చేసిన ఆడవాళ్లు ఒకరికొకరు తెలియదు. ఎవరి పొలంలో వాళ్లు, ఎవరి మంచులో వాళ్లు. కనీసం ఇవైనా ఒక కప్పు కింద ఉండనీ," అనేవారు. ఆ చలికాలమంతా నేనూ ఆ వసంతం కోసమే ఎదురుచూశాను. నేను పనిచేసే ఫ్యాక్టరీలో రొట్టెలు పెట్టెల్లో సర్దుతున్నా మనసు ఆ వెనక గది అరల్లోనే ఉండేది.

జనవరిలో కొత్త బ్యాచ్ దిగింది. ఒక సాయంత్రం మావారు ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. "సరళా, వీళ్లకు రూమ్ ఇస్తానన్నవాడు ఫోనెత్తట్లేదు. బస్ టెర్మినల్లో సూట్‌కేసుల మీద కూర్చునున్నారు," అన్నారు. ఒకరు కరీంనగర్ హారిక, ఒకరు కడప లావణ్య. విమానంలో పక్క సీట్లవాళ్లు, అంతే పరిచయం. మా గదిలో మంచం ఒక్కటే. దాని అవతల సిమెంటు నేల. ఉన్న బొంత వాళ్లకిచ్చి, పడుకునేచోట అట్టపెట్టెలు విప్పి పరిచాను. "ఏం కాదక్కా, మేం అడ్జస్ట్ అయితం," అంది హారిక. లావణ్య నేలను చేత్తో తాకి, "ఇది నేల కాదక్కా, ఫ్రిజ్జు," అంది. రెండో రోజుకే ఆ పిల్లకు దగ్గు పట్టుకుంది.

మూడో రోజు సాయంత్రం ఎడిత్ గారు కమ్మీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ పక్కకు తిరిగి దిగుతూ వచ్చారు. "కింద ఎవరో దగ్గుతున్నారు. నువ్వు కాదు. నీ దగ్గు నాకు తెలుసు," అన్నారు. పిల్లలిద్దరూ లేచి నిలబడ్డారు, ఇంట్లోంచి వెళ్లగొడతారేమోనని. ఆవిడ వాళ్లను చూడలేదు. అట్టపెట్టెలను చూశారు. చూసి, "నాతో రా," అని నన్ను పైకి తీసుకెళ్లి వెనక గది తలుపు తీశారు. పెద్దవి, మందమైనవి వెతికి తీయడం మొదలుపెట్టారు. గుర్రాలది, ఓడది, క్యాబేజీల్లాంటి గులాబీలది, తల్లి తెచ్చుకున్నది. "ఎడిత్ గారూ, మ్యూజియంవాళ్లు వస్తారు కదండీ," అన్నాను. "వసంతంలో కదా వస్తారు. చలి ఇప్పుడుంది," అన్నారు. కిందికి మోసుకొచ్చి ఒక్కొక్కరికి రెండేసి చొప్పున, ఒకదానిమీద ఒకటి పరిచాం. బూట్లు వద్దు, టీ వద్దు అని మాత్రం చెప్పారు. మడతపెట్టవద్దని ఆవిడా చెప్పలేదు, నాకూ తట్టలేదు. చెప్పాలన్న ఆలోచనైనా ఆవిడకు రాదు. వాళ్ల దేశంలో నేల మీద పరిచిన దాన్ని పొద్దున్నే ఎవరు తీస్తారు?

మన ఇళ్లలో తీస్తారు. ఒకరి ఇంట్లో నిద్ర చేస్తే, ఇంటివాళ్లు లేచేలోగా పక్క తీసి, చక్కగా మడిచి, దిండు పైన పెట్టి, నడిచేదారి ఖాళీ చేయడం తల్లి నేర్పిన మర్యాద. ఆ పిల్లలిద్దరూ రోజూ అదే చేశారు. ఆ రోజుల్లో శనాదివారాలు కూడా షిఫ్టులుండటంతో నేను వాళ్లు లేవకముందే డ్యూటీకి వెళ్లేదాన్ని. తిరిగి వచ్చేసరికి వాళ్లు పరుచుకుని ఉండేవారు. ఎడిత్ గారు మళ్లీ మెట్లు దిగలేకపోయారు. అలా నెలపైన గడిచింది. ఒక ఆదివారం నాకు సెలవు. పొద్దున్నే కళ్లు తెరిచేసరికి హారిక గుర్రాల రగ్గును నాలుగు మడతలు వేసి, మడత కుదురుకోవడానికి మోకాలితో అదుముతోంది. అప్పడం విరిగినట్టు చప్పుడైంది.

"ఆగవే!" అని అరిచాను. నా అరుపుకు పైన కుర్చీ జరిగింది. ఎడిత్ గారు ఎలా దిగారో తెలియదు, దిగి వచ్చారు. గోడవారన నున్నగా పేర్చి, పైన దుప్పటి కప్పిన దొంతరను చూశారు. ఒక్కొక్కటే విప్పి వెనక్కి తిప్పాం. నాలుగింటికీ నడిమధ్య నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గోనె తెగిన గీతలు. పట్టుకుంటే పొట్టులా రాలుతోంది. లావణ్య ఏడుపు అందుకుంది. "మేం చెడగొట్టాలని చేయలేదు ఆంటీ. మా యమ్మ చెప్తా ఉంటాది, ఒకరింట్లో పండుకుంటే లేస్తానే పక్క మడిచిపెట్టాలని. బాగుండాలనే మడిచినాము." హారిక గోడకు ఆనుకుని, "సరళక్కా, ఇవి పాతయి అనుకున్నం గాని, ఇంత పాతయి అని మాకు తెల్వదు," అంది. ఏమంటున్నారని ఎడిత్ గారు నావైపు చూశారు. చెప్పాను. అంతా విని, "రోజూ మడిచారా?" అని ఒక్కమాట అడిగి, పైకి వెళ్లిపోయారు. ఆ రోజంతా కర్ర చప్పుడు లేదు, రేడియో లేదు. నేను వంటింటికీ గదికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. వండిన అన్నం అలాగే ఉండిపోయింది. "వెళ్లిపోతామక్కా," అని పిల్లలు సూట్‌కేసులు సర్దుకుంటుంటే వద్దనలేకపోయాను. ఆ ఇల్లు నాది కాదు.

మర్నాడు పొద్దున కర్ర నేలను తట్టింది. వెళ్లేసరికి భోజనాల బల్ల మీద గుర్రాల రగ్గు బోర్లా పడుకుని ఉంది. పక్కన నారబట్ట, సూదులు, దారపుండ. "అందరినీ పిలువు. నా చేతులు వణుకుతాయి, నేను చెబుతాను, మీరు కుట్టండి," అన్నారు. చిరుగు కింద నారబట్ట పరిచి, ఉన్ని ఉచ్చులకు తగలకుండా ఒక్కొక్క గోనెపోగునూ పట్టి కుట్టాలి. నాకు మేనత్త నేర్పిన బొంతకుట్టు కాస్త అక్కరకొచ్చింది. హారిక లాగి కుట్టేది, లావణ్య వదులుగా కుట్టేది. "ఒకరిది జైలు, ఒకరిది ఊయల," అనేవారు ఎడిత్ గారు. పిల్లలు క్లాసులనుంచి వచ్చి, షిఫ్టుకు వెళ్లేలోపు కాసేపు కూర్చునేవారు. "మా అమ్మకు ఫోన్ల చెప్పిన అక్కా, కెనడాల బొంతలు కుడుతున్న అని. దీనికి పోయినవా బిడ్డా అన్నది," అని హారిక అంటే, దాన్ని నేను ఇంగ్లీషులో చెబితే, ఎడిత్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. నవ్వుతున్నా మాకందరికీ లోపల ఒకటే గుబులు, మ్యూజియం మనిషి ఏమంటుందోనని. నేను రోజూ దీపం పెట్టి అదే అడిగేదాన్ని. నా కోసం ఏమీ అడగడం గుర్తులేదు ఆ నెలల్లో.

మంచు కరిగి పెరడంతా బురదగా ఉన్న రోజుల్లో మ్యూజియం ఆవిడ వచ్చింది. మర్యాదైన మనిషి, తెల్లటి చేతి తొడుగులు. రెండు రోజులపాటు ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసింది. మా నాలుగింటి దగ్గర ఆగింది. మేము ముగ్గురం వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాం. "కుట్టు శుభ్రంగా ఉంది. కానీ గోనె తెగినవాటిని మా నిబంధనల ప్రకారం తీసుకోలేం. ఈ నాలుగూ తప్ప అన్నీ తీసుకుంటాం. గది సిద్ధంగా ఉంది," అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. నాలుగు పోతే పోయాయి, మిగతావి నిలిచాయి. ఎడిత్ గారు కాసేపు కిటికీలోంచి చూశారు. "ఇవి లేకుండా అయితే ఏవీ వద్దు," అన్నారు. మ్యూజియం ఆవిడ రెండోసారి అడిగింది. "టీ చల్లారుతోంది, తాగండి," అన్నారు ఎడిత్ గారు. కారు వెళ్లిపోయాక హారిక ఎడిత్ గారి కాళ్ల దగ్గర కూలబడింది. "మా నాలుగింటి కోసం అన్నీ పోగొట్టుకుంటరా? ఫోన్ చేసి ఒప్పుకోండి," అని తనకొచ్చిన ఇంగ్లీషులో బతిమాలింది. ఎడిత్ గారు దాని తలమీద చెయ్యి వేసి, "నేనేం పోగొట్టుకున్నానో నాకు తెలుసులే," అన్నారు. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత జరగాల్సిందే జరిగింది. మావారికి బ్రాంప్టన్‌లో ఉద్యోగం వచ్చి మేము వచ్చేశాం. లావణ్య పనికోసం దేశానికి ఆ చివరనున్న సర్రీ వెళ్లిపోయింది. ఎడిత్ గారు పడిపోయి, హారిక పనిచేసే కేర్ హోమ్‌కు మారారు. దూరపు బంధువొకరు వచ్చి ఇల్లు ఖాళీ చేయించారు. రగ్గులు వేలంలో ఎక్కడివక్కడికి పోయాయి. కుట్లు పడ్డ నాలుగింటినీ ఎవరూ పాడలేదు, అవి మా ఇంటికి వచ్చాయి. ఆ రోజు నుంచి నేను వెతకడం మొదలుపెట్టాను. దారిలో పాత సామాను షాపు కనబడితే చాలు, కారు ఆపమనేదాన్ని. మూల ఎత్తి, వెనక తెల్లటి నాడా మీద నీలం అక్షరం కోసం చూసేదాన్ని. పదిసార్లు ఉండేది కాదు, ఒకసారి ఉండేది. లావణ్య సర్రీ నుంచి ఫోటోలు పంపేది. "అక్కా, ఈ కుక్క ఎడిత్ గారిదేనా?" "దాని వెనక రబ్బరుంది కదే తల్లీ, అది మిషన్‌ది." "ఐతే కాదంటావా?" దొరికిన ప్రతిదాన్నీ కేర్ హోమ్‌కు తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టేదాన్ని. ఆవిడ ముందు వెనకవైపు తడిమి, ఏ ఊరిదో చెప్పి, "దీనిమీద ఎవరు పడుకుంటున్నారు?" అని అడిగేవారు. "ఎవరూ లేరండీ, నూలుబట్టలో చుట్టి జాగ్రత్తగా పెట్టాను," అనేదాన్ని. ఆవిడ ముఖం పక్కకు తిప్పుకునేవారు. అలసిపోయారనుకునేదాన్ని.

అంత్యక్రియలకు లావణ్య కూడా విమానంలో వచ్చింది. చర్చి నుంచి ముగ్గురం మా ఇంటికే వచ్చాం. కాఫీ ఇస్తుంటే హారిక తలెత్తకుండా చెప్పింది. "అక్కా, ఒకనాడు నేను అడిగిన, మ్యూజియం ఎందుకు వద్దన్నరని. ఏమన్నదో తెలుసా? ఆ మ్యూజియం గదులు నేను చూశాను, చాలా శుభ్రంగా ఉంటాయి, అక్కడ ఎవ్వరూ పడుకోరు అన్నది. సరళకు చెప్పు, ఇంక వెతకొద్దని, దొరికినవి పరచమని అన్నది. నువ్వు బాధపడ్తవని నేనే చెప్పలే." ఎన్నేళ్లుగానో ఆవిడ కోరిక తీర్చాలని నేను ఒక్కచోట నిలవకుండా తిరిగాను. ఆవిడ ఆ కోరికను ఆ సిమెంటు నేల మీదే వదిలేసి ఎప్పుడో ముందుకు వెళ్లిపోయారు. నేను లేచి బీరువా తెరిచాను. కుట్లవీ, వెతికి తెచ్చినవీ అన్నీ బేస్‌మెంట్‌లో గోడ నుంచి గోడకు పరిచాం. ఆ మధ్యాహ్నం ముగ్గురం వాటిమీద పడుకున్నాం. లావణ్య నిమిషంలో నిద్రపోయింది. నాకు నిద్ర రాలేదు గానీ, చాలా రోజులకు కదలకుండా ఉన్నాను.

వాటిని మళ్లీ చుట్టలేదు. అయితే ఇప్పుడు కాలం తిరగబడింది. అప్పట్లో పిల్లలు ఉండేవారు, పక్క ఉండేది కాదు. ఇప్పుడు మా బేస్‌మెంట్‌లో నేలంతా ఉన్ని ఉంది, వచ్చే పిల్లలు లేరు. ప్రభుత్వం పర్మిట్లు తగ్గించింది. బస్సుల్లో వెనక సీట్లు ఖాళీగా వెళుతున్నాయి. ఉన్న పిల్లలు కూడా పర్మిట్ ఎప్పుడు అయిపోతుందోనని లెక్కలు వేసుకుంటూ, ఒకరింటికి వచ్చి ఉండటానికే మొహమాటపడుతున్నారు. గుడిలో ఎవరైనా కొత్తముఖం కనిపిస్తే నేనే అడుగుతున్నాను, ఎక్కడ పడుకుంటున్నావమ్మా అని. మొన్న ఒక అమ్మాయి భయపడి పక్కకు జరిగింది. పరవాలేదు, అడుగుతూనే ఉంటాను.

మహాలయ పక్షంలో మావారు ఎడిత్ గారి పేరు చెప్పి తిలోదకాలు వదలడానికి ఒప్పుకున్నారు. గోత్రం ఏం చెప్పాలని పురోహితుడు గారిని అడిగితే, తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పవచ్చన్నారు. ఆవిడకు పిల్లలు లేరు, పేరు రాసిన గది లేదు. ఇది చదివేవారిలో ఎంతోమంది ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక చలిలో, మీవాళ్లు కానివాళ్లు పరిచిన పక్క మీద పడుకునే ఉంటారు. వాళ్లను తలచుకున్నప్పుడు పక్కన ఈవిడను కూడా ఒకసారి తలచుకోండి. ఆవిడ పేరు ఎడిత్.